గాలానికి కానగుర్త

మల్పెలో పుట్టి పెరిగిన మేమంతా దాన్ని బంగుడె అనే అంటాం. మా ఇంట్లో కానగుర్త అన్నది తాతయ్య ఒక్కడే. ఆదివారాలు సరదాకి పడవలో పోయి వంజరానికి గాలం వేసేవాడు. ఎర ఎప్పుడూ కానగుర్తే.

ఎర తాజాగా ఉండాలి, కన్ను తేటగా, పొట్ట గట్టిగా. మెత్తబడింది పడవ వెనక లాగితే చిరిగిపోతుంది. తాతయ్య ముందు చేప నోరు దారంతో కుట్టేసేవాడు. నోరు తెరిచుంటే నీళ్లు దూరి ఎర గిరగిరా తిరుగుతుంది, తాడు మెలిపడుతుంది. తర్వాత వెన్ను అటూ ఇటూ వంచి సడలించేవాడు, తోక ఆడాలని. వంజరం చాలాసార్లు తోక వైపే కొరుక్కుని పోతుంది, అందుకే వెనక ఇంకో గాలం. దాని పళ్లు కత్తెరలు కాబట్టి ఎర దగ్గర తాడు బదులు స్టీలు తీగ.

ఆ పేరు తాతయ్య యాస అనుకునేవాళ్లం. కాదు! 1803లో లండన్‌లో పాట్రిక్ రస్సెల్ పుస్తకం అచ్చయింది, విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో. అక్కడి జాలర్ల పేర్లే అందులో రాసుకున్నాడు. 1816లో ఫ్రాన్సులో కువియే ఈ చేపకి శాస్త్రనామం పెడుతూ రస్సెల్ రాసిన పేరే తీసుకున్నాడు. ఇప్పటికీ ప్రపంచమంతా రాస్ట్రెల్లిగర్ కానగుర్త అనే రాస్తుంది. మల్పె మార్కెట్లో అంటే మాత్రం ఎవరికీ తెలీదు, మా పిల్లలతో సహా.

కుట్టు సంగతే పుస్తకాల్లో దొరకలేదు. సూది పైదవడలోంచా, కిందనుంచా? మాలో ఎవరికీ చేతకాదు. తాతయ్యకి సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది పెద్దత్త. దసరాకి ఆవిడ వస్తోంది, రెండు బంగుడెలు ఎక్కువ తెస్తాం.