భాభాట్రాన్: అల్పాదాయ దేశాలకు అందుబాటులో రేడియేషన్ చికిత్స

క్యాన్సర్ రోగులకు తక్కువ వ్యయంతో రేడియేషన్ చికిత్స అందించేందుకు ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన కోబాల్ట్-60 యంత్రమే భాభాట్రాన్. కోబాల్ట్ నుంచి గామా కిరణాలు సహజంగానే వెలువడుతాయి గనుక, లీనియర్ యాక్సిలరేటర్‌తో పోల్చితే దీనికి విద్యుత్ వినియోగం, నిర్వహణ భారం తక్కువ. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ద్వారా భారతదేశం విరాళంగా ఇచ్చిన యంత్రం 2010లో వియత్నాంలో ప్రారంభమైంది.

కోబాల్ట్-60 అర్ధ జీవితకాలం 5.27 సంవత్సరాలు. ఆ వ్యవధిలో దాని తీవ్రత సగానికి తగ్గి, ప్రతి రోగికి కిరణాలు ఇచ్చే సమయం రెట్టింపవుతుంది. రోజుకు చికిత్స పొందేవారి సంఖ్య తగ్గుతుంది. కావున యంత్రం కొనుగోలుతో పాటు కోబాల్ట్ మార్పిడికి, వాడిన కోబాల్ట్‌ను భద్రంగా తరలించడానికి, సిబ్బంది శిక్షణకు ముందుగానే నిధులు కేటాయించినప్పుడే పేద రోగులకు చికిత్స నిరంతరాయంగా అందుతుంది.