సైలెన్సర్ మారితే జెట్ ఎందుకు మారాలి? ఆర్‌ఎక్స్ 100 కథ

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... 2016 అక్టోబర్ దాకా ఇవన్నీ మహబూబ్‌నగర్ జిల్లానే. అంతకు ముందటి బండి గురించి చెప్తా: యమహా ఆర్‌ఎక్స్ 100. మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది.

ఇది టూ స్ట్రోక్. దీని సైలెన్సర్ సౌండ్ తగ్గించే డబ్బా ఒక్కటే కాదు తమ్ముడూ. బయటికి జారిపోయే పెట్రోల్ మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెట్టేది కూడా అదే. సౌండ్ కోసం వేరే సైలెన్సర్ బిగిస్తే ఆ లెక్కే మారుతుంది. చాలాసార్లు గాలి ఎక్కువై పెట్రోల్ చాలదు. పెబ్బేరు దగ్గర హైవే మీద ఫుల్ రేస్ ఇచ్చావనుకో, ఇంజన్ కాగిపోయి పిస్టన్ పట్టేస్తుంది. వెనక చక్రం లాక్! ప్రాణం మీదికి వస్తది.

మెకానిక్‌కు ప్లగ్గే మీటర్. విప్పితే తెల్లగా ఉందా, పెద్ద మెయిన్ జెట్ వేయాలి. నల్లగా మసి పట్టిందా, చిన్నది. గోధుమ రంగొస్తే సెట్. కొందరు జెట్ రంధ్రాన్నే పెద్దది చేస్తారు, అది నాకు నచ్చదు. మళ్లీ చిన్నది కాదు కదా.

2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 వచ్చింది. చాలా కొత్త బండ్లలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. వాటిలో ఇప్పుడు పెట్రోల్ లెక్క చూసేది ఈసీయూ. దానికి స్క్రూడ్రైవర్ పనికిరాదు.