పింగాణీ: గిన్నె నుంచి గచ్చుదాకా
బాత్‌రూమ్ గోడకు అతికించే తెల్లటి నునుపు పలకలన్నిటినీ మనవాళ్లు 'పింగాణీ టైల్స్' అనేస్తారు. వాటిలో చాలావరకు మామూలు సిరామిక్, మెరుపంతా పైపూతదే. అసలు ఈ మాట పారసీకం నుంచి వచ్చింది. అక్కడ 'పింగాన్' అంటే గిన్నె, కప్పు. అరబ్బుల నోట అదే 'ఫింజాన్' అయి కాఫీ కప్పుగా స్థిరపడింది. తమిళంలో 'పీంగాన్', కన్నడంలో మనలాగే 'పింగాణి'. పాత్ర పేరు కాస్తా పదార్థానికి పేరైంది. స్టోన్‌వేర్‌తో చేసిన ఆవకాయ జాడీ కూడా మనకు పింగాణీయే! పింగాణీకి ఇంగ్లీషు మాటైన 'పోర్సలిన్'ది మరో దారి. ఇటాలియన్‌లో 'పొర్చెల్లానా' అంటే గవ్వ; చైనా పాత్రల నిగనిగ చూసి ఆ పేరు పెట్టారు. ఇక 'టైల్'కు మూలం లాటిన్ 'తెగులా', ఇంటికప్పు మీది పెంకు. 1865లో బాసెల్ మిషన్ మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టి చేయించిన రకం పెంకును మన ఊళ్లలో 'బెంగళూరు పెంకు' అన్నారు. ఊరి పేరు మారినా అర్థం మాత్రం కప్పు మీదే ఉంది. అదే టైల్ ఇప్పుడు గచ్చును తరిమేసి నేలంతా పరుచుకుంది. కాబట్టి కొనేటప్పుడు పేరును నమ్మకండి, నీటి పీల్పు ఎంతో అడగండి. 0.5 శాతం మించకపోతేనే అది పోర్సలిన్. గోడల కోసమే చేసేవి సాధారణంగా 10 శాతం పైనే పీలుస్తాయి. నీరు పీల్చని పలకకు వట్టి సిమెంటు పాలు సరిగా పట్టవు. టైల్ అడ్హెసివ్‌తో, మధ్యలో సన్నటి సందు వదిలి వేయించండి.