కొలబద్దకు లొంగని చీమ

ఒక చీమను పట్టి, కొలిచి, ఇది ఫలానా జాతి అని తేల్చేయవచ్చన్న నమ్మకం జీవశాస్త్రంలో చాలాకాలం రాజ్యమేలింది. ఆ నమ్మకం ఎక్కడ తప్పిందో చూడాలంటే ఉత్తరాంధ్రకు కొంత సంబంధమున్న ఒక వైద్యుడి దగ్గర మొదలుపెట్టాలి. థామస్ కావెర్‌హిల్ జెర్డన్ 1836లో మద్రాసులో ఓడ దిగాడు. ఈస్టిండియా కంపెనీ ఆయన్ను మొదట గంజాం జిల్లాకు పంపింది, సిపాయిల జ్వరాలకూ విరేచనాలకూ మందివ్వమని. నేటి శ్రీకాకుళం అప్పుడు చికాకోల్ పేరుతో ఆ జిల్లాలోనే ఉండేది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడే విశాఖ జిల్లాలోకి వచ్చింది. తూర్పు కనుమల పిట్టల వెంట పడ్డ ఆ డాక్టరు తర్వాత వేరే ఊళ్లు తిరుగుతూ చీమల దాకా వెళ్లి, 1851లో మద్రాసు పత్రిక ఒకదాంట్లో దక్షిణ భారత చీమల జాబితా అచ్చువేశాడు.

ఆ జాబితాలో ఇప్పుడు కారెబారా డైవర్సా అని పిలిచే చీమ ఒకటుంది. దండుగా కదిలే ఈ చీమలో అతి పెద్ద పనిచీమ తూకం అతి చిన్నదానికి 500 రెట్ల దాకా ఉంటుంది. తల వెడల్పులోనే పదిరెట్ల తేడా. రెండింటినీ పక్కపక్కన పెడితే ఒక తల్లి బిడ్డలని ఎవరూ అనుకోరు. జెర్డన్ మాత్రం రెంటికీ ఒకే పేరు పెట్టాడు. ఆయన చీమల నడవడిని కూడా గమనించి రాసేవాడు కాబట్టే ఇది సాధ్యమైందని నా అభిప్రాయం. ఎండిపోయిన నమూనాలను బల్లమీద పెట్టుకున్న ఐరోపా పండితులకు ఆ అవకాశం లేకపోయింది. డోరిలస్ అనే దండుచీమ మగదాన్ని లిన్నేయస్ అంతటివాడు 1764లో కందిరీగల్లో చేర్చాడు. గుడ్డివైన దాని పనిచీమలకు మరొకరు టైఫ్లోపోన్ అని వేరే ప్రజాతి కట్టారు. ఒకే గూటి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పుస్తకాల్లో అలా కొన్నాళ్లు పరాయివాళ్లుగా బతికారు!

మామిడి, జీడిమామిడి తోటల్లో ఆకులు కలిపి గూడుకట్టే ఎర్రచీమ ఈ వాదానికి ఇంకా గట్టి సాక్షి. దీని పనిచీమల్లో రెండే పరిమాణాలు, నడుమ ఉండేవి బహు కొద్ది. పెద్దవి 8 నుంచి 10 మిల్లీమీటర్లు, చిన్నవి ఇంచుమించు అందులో సగం. పెద్దవి వేటకూ కాపలాకూ పోతాయి. పొందూరు నేతగాడు నాడె ఆడించినట్టు, పట్టు వదిలే పిల్లపురుగును నోట కరుచుకుని ఆకుల అంచులు కుట్టేవీ అవే. చిన్నవి గూటిలోపల పిల్లల్ని సాకుతాయి. చెట్టుకింద నిలబడి కుట్టించుకున్నవాడికి ఎదురయ్యేది సగం సంసారమే. ఈ ఏర్పాటు నిన్నమొన్నటిది కూడా కాదు. కెన్యాలో శిలాజాల అన్వేషకుడు లీకీ బృందానికి దొరికిన ఇదే ప్రజాతి శిలాజ గూటిని చీమల శాస్త్రవేత్తలు విల్సన్, టేలర్ 1964లో వర్ణించారు. కోటిన్నర ఏళ్లు దాటిన ఆ గూటిలోనూ అవే రెండు పరిమాణాలు. రంగు సంగతి మరీ విచిత్రం: పలాస తోటలో ఎర్రగా ఉన్న ఈ చీమకే ఉత్తర ఆస్ట్రేలియాలో పచ్చని పొట్ట. అయినా జాతి ఒక్కటే.

అలాగైతే ఒంటిని చూసి పేరుపెట్టడమే దండగా అని అడగవచ్చు. కాదు. పరిమాణం, తల వెడల్పు, రంగు మారినంత తేలిగ్గా ఒంటి నిర్మాణం మారదు. ఎర్రచీమ నడుముకు ఒకటే కణుపు. కారెబారాకు రెండు, అది పిసరంతదైనా ఏనుగంతదైనా. ఏది మారుతుందో ఏది నిలుస్తుందో తెలియాలంటే మాత్రం గూడంతా ఎదుట ఉండాలి. చిన్నా పెద్దా తేడా కూడా పుట్టుకతో రాసిపెట్టినదే, కనుక వాటిని ఉపజాతులుగా లెక్కించవచ్చు కదా అన్నది రెండో ఆక్షేపణ. ఇందులో కొంత నిజముంది. అమెరికా ఖండపు కొన్ని ఆకుకోత చీమల్లో తండ్రి వంశం కూడా పనిచీమ పరిమాణాన్ని ప్రభావితం చేస్తుందని తేలింది. కానీ అక్కడ కూడా వాళ్లంతా ఒకే రాణి బిడ్డలు. పైగా చాలా జాతుల్లో పిల్లపురుగుకు అందే మేతే పెద్దదవుతుందా చిన్నదవుతుందా అన్నది ఎక్కువగా తేలుస్తుంది.

గూడే లెక్కకు ఆధారమని పండితులకన్నా ముందు తోటమాలులకు తెలుసు. క్రీ.శ. 304 నాటిదని చెప్పే చైనా గ్రంథం ప్రకారం అక్కడి నారింజ తోటలవాళ్లు పురుగుల్ని చంపడానికి ఈ చీమల్ని సంతలో కొనేవారు. చీమల్ని విడిగా కాదు, కొమ్మా ఆకుతో సహా గూళ్లు. మన కళాశాలల జంతుశాస్త్ర విద్యార్థులు పాటించవలసిందీ ఆ పద్ధతే. విజయనగరం మామిడి తోటలోనో ఉద్దానంలోనో చీమల్ని సేకరించేటప్పుడు ఒక్కదాన్ని గుండుసూదికి గుచ్చి ఊరుకోవద్దు. ఒకే గూటి చిన్నవీ పెద్దవీ, దొరికితే రాణినీ మగచీమల్నీ కలిపి ఒకే సీసాలో వేసి, పైన ఊరూ చెట్టూ తేదీ రాయండి.