రేవు నగరంలో ఎల్లో ఫీవర్ టీకా: ఎవరి ప్రమాదం, ఎవరి రక్షణ

ఎల్లో ఫీవర్ భారతదేశంలో ఎన్నడూ వ్యాపించలేదు. అయినా విశాఖపట్నం పోర్టు ఆరోగ్య సంస్థలో ఆ జబ్బుకు టీకా వేస్తారు. పశ్చిమ ఆఫ్రికా రేవులకో బ్రెజిల్‌కో పోయే ఓడ ఎక్కవలసిన నావికుడు సైన్ ఆన్ అయ్యేలోగా, అంటే ఓడ సిబ్బందిలో చేరేలోగా, ఈ సూది వేయించుకుని, పసుపుపచ్చ కార్డు (అంతర్జాతీయ టీకా సర్టిఫికెట్) మీద తేదీ, బ్యాచ్ నంబరు, ముద్ర పడేలా చూసుకోవాలి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఓడ ఉద్యోగాలకు వెళ్లే కుర్రాళ్లకు పాస్‌పోర్టు, సి.డి.సి. (నావికుడి సర్వీసు పుస్తకం) ఎంతో ఈ కార్డూ అంతే. టీకా వల్ల అరుదుగా కలిగే హానిని జబ్బు ప్రమాదంతో ఎలా తూచాలి అన్న ప్రశ్నను ఈ వ్యాసం ఆ కార్డు దగ్గర నిలబడి పరిశీలిస్తుంది. ఇక్కడ సూది పడేది ఒకరికి, దానివల్ల రక్షణ పొందేది చాలావరకు ఇంకొకరు.

17డి అనే ఈ టీకాను మాక్స్ థైలర్ బృందం 1937లో తయారుచేసింది. 1951లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కోడిపిండంలో పెంచి బలహీనపరచిన సజీవ వైరస్ ఇది. కోడిగుడ్డు పడనివారికి వేయకూడదనడానికి కారణం అదే. తొలి పెద్ద నష్టం మాత్రం ఈ టీకా వైరస్ వల్ల జరగలేదు. అప్పట్లో టీకాను నిలకడగా ఉంచడానికి మనుషుల రక్తరసి కలిపేవారు. అందులో కామెర్ల వైరస్ ఉండటంతో 1942లో అమెరికా సైన్యంలో దాదాపు 50,000 మంది కామెర్లతో పడకేశారు. రక్తరసి తీసేశాక ఆ బెడద పోయింది. టీకా వైరస్ తానుగా కలిగించే అతి తీవ్రమైన హాని బయటపడటానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. టీకా వేయించుకున్న కొద్ది రోజులకే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిని ఎల్లో ఫీవర్‌లాగే ముదిరే జబ్బును 2001లో వైద్య పత్రికలు గుర్తించాయి. అప్పటికి కోట్ల డోసులు వేసేశారు. లక్షకు ఒకటి కూడా లేని హాని కొన్ని వేలమంది మీద చేసే ప్రయోగాల్లో కనబడదు, కనబడే అవకాశమూ లేదు. కనుక ‘పరీక్షించాం, సురక్షితం’ అన్న మాట ఎప్పుడూ అప్పటివరకు తెలిసినదానికే వర్తిస్తుంది.

ఇక లెక్క. అమెరికా నిఘా గణాంకాల ప్రకారం ఈ అవయవ వైఫల్యం లక్ష డోసులకు దాదాపు 0.3, నాడీమండలానికి హాని దాదాపు 0.8. మొదటి రకం వచ్చినవారిలో సుమారు సగంమంది బతకరు. రెండో పళ్లెంలో జబ్బు. టీకా లేకుండా పశ్చిమ ఆఫ్రికాలో రెండు వారాలు గడిపే ప్రయాణికుల్లో లక్షకు సుమారు 50 మందికి జబ్బు, 10 మందికి మరణం అని అంచనా. దక్షిణ అమెరికాకు ఇదే అంచనా 5, 1. ఇరవై అయిదేళ్ల నావికుడు ఆఫ్రికాలో రేవు దిగి తిరిగితే త్రాసు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు. అరవై దాటినవారిలో టీకా హాని కొన్ని రెట్లు పెరుగుతుంది. దక్షిణ అమెరికాకు వెళ్లే అలాంటి మనిషికి ముల్లు దాదాపు మధ్యకు వస్తుంది. లండన్‌లో పేరున్న క్యాన్సర్ వైద్యుడు మార్టిన్ గోర్ 2019 జనవరిలో, 67వ ఏట, ఈ టీకా వేయించుకున్న తరువాతే చనిపోయారు. ఆ ఏడాదే బ్రిటన్ వయసు పైబడినవారి విషయంలో నిబంధనలు బిగించింది.

అయితే ఓడ రేవులో ఆగినా మెట్లు దిగని నావికుడి సంగతేమిటి? జబ్బు సోకే అవకాశం అతనికి చాలా తక్కువ. కార్డు మాత్రం తప్పదు, ఎందుకంటే కార్డు అడిగేది ముఖ్యంగా అతని కోసం కాదు, మన కోసం. డెంగీని మోసే ఈడిస్ దోమే ఎల్లో ఫీవర్‌నూ మోస్తుంది. విశాఖలో ఆ దోమకు కొదవ లేదు. ఈ రేవుకు మాంగనీసు ఖనిజం వస్తుంది. ఆ ఖనిజానికి పేరుపడ్డ గాబన్ ఎల్లో ఫీవర్ దేశాల్లో ఒకటి. 2016లో అంగోలా నుంచి చైనాకు తిరిగివెళ్లినవారిలో 11 మంది ఆ జబ్బుతో దిగారు. ఆసియాకు అది చేరడం అదే మొదటిసారి. వైరస్ రక్తంలో పెట్టుకుని వచ్చినవారు రేవుపేటలో పది రోజులు తిరిగితే ఏమవుతుందో ఊహించవచ్చు. సర్టిఫికెట్ లేకుండా ఎల్లో ఫీవర్ దేశాల నుంచి వచ్చినవారిని ఆరు రోజుల వరకు విడిగా ఉంచే నిబంధన అందుకే. నావికుడి చేతికి పడే సూదిలో ఈ నగర జనం తరఫు భాగం ఉంది. అలాంటప్పుడు అతనికి హాని జరిగితే ఆ భారం అతని కుటుంబం ఒక్కటే మోయడం అన్యాయమని నా అభిప్రాయం.

2021లో, కోవిడ్ వేళ, ఈ ఊరు మరో తూకం చూసింది. ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారం ఆక్సిజన్ నింపిన ట్యాంకర్లతో రైలు మహారాష్ట్రకు బయలుదేరింది. జబ్బు వైపు బరువు అప్పుడు ఎవరూ వివరించనక్కరలేదు. మే 17న కేంద్ర ఆరోగ్య శాఖ కోవిషీల్డ్ వల్ల రక్తం గడ్డకట్టిన కేసులు పది లక్షల డోసులకు 0.61 అని, బ్రిటన్‌లో 4, జర్మనీలో 10 అని ప్రకటించింది. మన అంకె అంత చిన్నదిగా ఉండటాన్ని శరీర తత్వానికి అంటగట్టే ముందు, ప్లేట్‌లెట్ పరీక్ష, స్కానింగ్ ఎంతమందికి అందాయో అడగాలి. వెతకని చోట కేసులు దొరకవు. అయినా ఆ నెలలో, నిజమైన రేటు పది రెట్లున్నా, ఇక్కడి నడివయసువారికి తీర్పు మారేది కాదు. అదే నెల 7న బ్రిటన్ 40 ఏళ్లలోపువారికి వేరే టీకా సూచించింది. అక్కడ జబ్బు తగ్గింది, వేరే టీకా చేతిలో ఉంది. రెండు దేశాలూ తమ తమ లెక్కలో సరైనవే.

తిరిగి సూది దగ్గరకు. ఈ టీకా పొడిగా, ఒక సీసాలో చాలామందికి సరిపడా వస్తుంది. ద్రావకం కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. కాబట్టి మనుషుల్ని ఒకచోట చేర్చి, వరుసగా వేయడం సబబు. అలాంటి వరుసలో నిలబడ్డవాడిని ‘గుడ్డు పడదా? థైమస్ జబ్బు ఉందా? స్టెరాయిడ్లు వాడుతున్నావా?’ అని అడిగితే, ఓడ పోతుందన్న భయంతో ‘లేదండీ’ అనేస్తాడు. థైమస్ (ఛాతీలోని ఒక గ్రంథి) అంటే ఏమిటో అతనికి తెలియకపోవచ్చు కూడా. వైద్య కారణాలతో మినహాయింపు పత్రం ఇచ్చే వెసులుబాటు అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో ఉంది. ఆ పత్రం తీసుకెళ్తే పని పోతుందనుకున్నవాడు దాన్ని అడగడు. ఈ ప్రశ్నలు వేయవలసిన చోటు వరుస కాదు, ముందే తీరిగ్గా తెలుగులో జరిగే వైద్య పరీక్ష.

టీకా కలిగించే తీవ్ర హాని దాదాపు ఎప్పుడూ మొదటి డోసుతోనే వస్తుంది. 2016 జూలై 11 నుంచి ఒక్క డోసు సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, వేసిన పదో రోజు నుంచి. ఓడ ఉద్యోగంలో చేరే కుర్రాడికి శిక్షణ రోజుల్లోనే, మొదటి సి.డి.సి. చేతికి వచ్చే దశలో, ఆరోగ్యం పరిశీలించి ఆ డోసు వేస్తే ప్రమాదం అతి తక్కువగా ఉండే వయసులోనే పని ముగుస్తుంది. ఏభై అయిదేళ్ల బోసన్ (డెక్ పనివాళ్ల పెద్ద) ఆఫ్రికా ఓడ దొరికిందని హడావిడిగా తొలి డోసుకు పరుగెత్తే అవసరం అప్పుడు రాదు.