రెండు ఛాయాచిత్రాల నడుమ

కెనడా ప్రభుత్వపు ఇండియన్ వ్యవహారాల శాఖ 1896 వార్షిక నివేదికలో రెండు ఛాయాచిత్రాలున్నాయి. రెండింటిలోనూ ఉన్నది థామస్ మూర్ కీసిక్ అనే ఆదివాసీ బాలుడే. ప్రెస్బిటీరియన్ చర్చి నడిపిన రెజైనా పారిశ్రామిక వసతి పాఠశాలలో అతడు 1891లో, ఎనిమిదేళ్ళ వయసులో చేరాడు. మొదటి చిత్రంలో పొడవాటి జడలు, చేతిలో పిస్తోలు. రెండవదానిలో కత్తిరించిన జుట్టు, యూనిఫారం, పక్కన కుండీలో మొక్క. చదువుకు ముందు, చదువు తరువాత అని వాటి సందేశం. ఎనిమిదేళ్ళ పిల్లవాడి చేతికి పిస్తోలు ఎవరిచ్చారన్న ప్రశ్న నివేదిక చదివినవారికి తట్టినట్టు లేదు. ఆ బాలుడు క్షయవ్యాధితో చిన్నతనంలోనే మరణించాడు.

ఇటువంటి జంట చిత్రాలు అప్పటికి కొత్తవి కావు. అమెరికాలోని కార్లైల్ పాఠశాల నవాహో యువకుడు టామ్ టోర్లినోను 1882లోనూ, 1885లోనూ ఇదే తీరున చూపింది. అంతకు ముందే ఈ ప్రక్రియ లండన్‌లో విచారణకు నిలబడింది. అక్కడ కెమెరా ముందున్నవారు ఆదివాసులు కారు, ఈస్ట్ ఎండ్ పేదల బిడ్డలు.

థామస్ బర్నార్డో మతప్రచారకుడు. 1870లో స్టెప్నీలో అనాథ బాలుర వసతిగృహం తెరిచాడు. పిల్లలు వచ్చినప్పుడు చింకిపాతలతో ఒక ఫొటో, పనిలో కుదురుకున్నాక శుభ్రమైన దుస్తులతో మరొకటి తీయించి, ఆ కార్డులను విరాళాల కోసం అమ్మించాడు. ఇరవై కార్డుల కట్ట ఐదు షిల్లింగులు, విడిగా ఒక్కొక్కటి ఆరు పెన్నీలు. మురికివాడను నేరుగా చూడడానికి ఇష్టపడని మధ్యతరగతి ఇళ్ళలోకి, ఆ మురికివాడే అరచేయంత కార్డుగా ప్రవేశించింది.

1877లో జార్జ్ రెనాల్డ్స్ అనే బాప్టిస్టు మతబోధకుడు ఈ గృహాల మీద ఒక కరపత్రం వెలువరించాడు. వివాదం ముగ్గురు మధ్యవర్తుల ముందుకు వెళ్ళింది. ఒక బాలుడి బట్టలను ఫొటో కోసం చిన్న చాకుతో మరింత చింపారన్నది అక్కడ బయటపడింది. ఎన్నడూ పత్రికలు అమ్మని అమ్మాయిని చెప్పులు విప్పించి, పత్రికలమ్మే పిల్లగా నిలబెట్టారు. ఆమె తల్లి ఊరుకోలేదు. చిత్రం ఒక్క వ్యక్తిది కాదు, ఒక వర్గానికి ప్రతినిధి అన్నది బర్నార్డో సమర్థన. ఈ వాదం వినడానికి సౌమ్యంగానే ఉంటుంది. కానీ ఆ తల్లికి కనిపించింది వర్గం కాదు, తన కూతురు.

తక్కిన ఆరోపణల్లో అధికభాగం నిలవలేదు. ఫొటోల విషయంలో మాత్రం మధ్యవర్తులు కల్పనను వాస్తవంగా చూపడం తప్పని నిర్ణయించారు. రెజైనా చిత్రాలు అచ్చయింది దీనికి దాదాపు ఇరవై ఏళ్ళ తరువాత. లండన్‌లో ఆక్షేపించడానికి తల్లి, కరపత్రం రాయడానికి ప్రత్యర్థి, వినడానికి మధ్యవర్తులు ఉన్నారు. ప్రభుత్వమే ప్రచురించిన చిత్రం మీద ఫిర్యాదు చేయడానికి ఆ ఆదివాసీ కుటుంబానికి అటువంటి గడప ఏదీ లేదు.

బర్నార్డో సంస్థ 1882 నుంచి సుమారు 30,000 మంది పిల్లలను అదే కెనడాకు వలస పంపింది. విచారణ తరువాత జంట కార్డుల అమ్మకం ఆగినా, చేరిన పిల్లలకు ఫొటోలు తీసి దస్త్రంలో భద్రపరచడం మాత్రం కొనసాగింది. ఇప్పుడు ఆ పిల్లల మనుమలు, మునిమనుమలు సంస్థకు ఉత్తరాలు రాసి ఆ ఫొటోలు తెప్పించుకుంటున్నారు. చాలా ఇళ్ళలో ఆ తాత బాల్యానికి మిగిలిన బొమ్మ అదొక్కటే.