ఊరూర తిరుగు అతుకుపని



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొనిన విషయము, సొంతముగా యంత్రము కొని ఊరూర తిరిగి యినుము నతుకు వెల్డింగు పనివాని వృత్తి. ఇది క్రొత్తది గదా, దీనికి చరిత్ర యెక్కడిదని మీరడుగవచ్చును. పేరు క్రొత్తది, పని మాత్రము మిగుల ప్రాచీనము.

రెండినుప ముక్కలను కొలిమిలో తెల్లగా కాల్చి, దాగలిపై నుంచి, సమ్మెటతో కొట్టి యేకము చేయుట మన కమ్మరి యెరిగిన విద్యయే. సుమారు పదునారు వందల యేండ్ల నాటి ఢిల్లీ యినుప స్తంభము, ఆరు టన్నులకు మించిన బరువు గలది, ఇట్లు ముద్దపై ముద్ద నతికి చేసినదే. మన నిజామాబాదు సీమలోని కోనసముద్రపు ఉక్కుకై పారశీక వర్తకులు వచ్చుచుండిరని 1832లో ప్రకటితమైన డాక్టరు వాయిసీ వ్రాతవలన తెలియుచున్నది.

అయితే మన గ్రామపు కమ్మరికి తిరుగవలసిన యక్కర లేకుండెను. నాగలి కర్రు, కొడవలి, బండి కమ్మి అన్నియు నతని కొలిమికే వచ్చెడివి. కళ్లములో ధాన్యము కొలుచునప్పుడు మేర యతని కందెడిది. పని హెచ్చినను తగ్గినను ఏటి గ్రాసమట్లు నిలిచెడిది.

విద్యుత్తు ఈ విద్యను మార్చినది. 1881లో రష్యా సామ్రాజ్యవాసియగు బెనార్డోసు బొగ్గుకడ్డీకిని లోహమునకును నడుమ మెరుపు పుట్టించి యతుకు పెట్టెను. 1888లో స్లావ్యానోవు బొగ్గునకు మారుగా లోహపు కడ్డీనే వాడెను. కడ్డీయే కరగి యతుకులో చేరెను. స్వీడను దేశీయుడు ఆస్కారు షెల్బెర్గు 1907లో కడ్డీకి పూత పెట్టు పద్ధతికి హక్కుపత్రము పొందెను. పూత కాలి, కరగిన లోహమునకు గాలి తగులనీయదు. అందుచే అతుకు గట్టిపడును. ఓడల బాయిలర్లను బాగుచేయుటయే యితని మొదటి పని. ఓడ కార్ఖానాకు రాజాలనప్పుడు కార్ఖానాయే ఓడకడకు పోవలెను గదా! సంచార వృత్తికి మూలసూత్ర మిదియే.

మన పొలములలోను అదే సూత్రము వచ్చినది. కోతల నడుమ యంత్రము విరిగినచో దానిని పట్టణమునకు మోయుట యెట్లు? డీజిలు జనరేటరును బండిపై వేసికొని పిల్లవాడే వచ్చును. నేనెరిగిన యూళ్లలో వీరనేకులు కమ్మరుల బిడ్డలే. కొలిమి చల్లారినను చేతివిద్య చల్లారలేదు.

వీరి కష్ట మొక్కటి మనవి చేయవలసి యున్నది. యంత్రము అప్పుతో కొనినది. డీజిలు, కడ్డీలు రొక్కమునకే దొరకును. మనమో, పంట వచ్చినప్పుడు చూతములే యందుము. మా ప్రాంతమున ఒక యువకుడు పని లేక గాదు, చేసిన పనికి డబ్బు చేతికి రాక, రెండవ యేటనే యంత్రము నమ్ముకొనెను. మేర యిచ్చిన దినములలో అరువు న్యాయమే. మేర పోయినది, అరువు మాత్రము నిలిచినది. ఇది న్యాయమా?

మరి రెండు మాటలు. పెట్రోలుండిన పీపా వట్టిదైనను లోపలి యావిరి నిప్పు తగిలి ప్రేలును. దాని నతుకుమని యెవనిని నిర్బంధింపకుడు. ఆ మెరుపును నల్లద్దము లేక చూచినచో కన్నులు చెడును; పిల్లలను దూరముగా నుంచుడు.

పూర్వము కమ్మరిని నిలిపినది గ్రామమే. కళ్లమున కొలిచి యిచ్చిన మానికలను నేడు పని ముగిసిన చోటనే రొక్కముగా చెల్లించినచో, ఈ విద్య మరియొక తరము మన పొలముల నడుమ నిలుచును.